గడప అవతల ప్రెసిడెంటు

మా బావ టైలరు. మా అక్క మొగుడు. మా వీధిలోనూ పక్క వీధుల్లోనూ ఆయన్ని అందరూ మాస్టారు అనే పిలుస్తారు. బట్టలు కుట్టేవాళ్లని అలా పిలవడం మామూలే గానీ, ఈయనకి ఆ పేరు కత్తెర వల్ల వచ్చిందో వాలీబాల్ వల్ల వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. రెండింటిలోనూ ఎదుటివాళ్ల మాట వినడు కాబట్టి తేడా కూడా తెలియదు.

ఇంటి ముందుగదే కొట్టు. రెండు మిషన్లు, ఒక బల్ల, ఇస్త్రీ పెట్టె, గోడకి ఒక అద్దం. ఆ అద్దం కింది సగం ఎప్పుడో పగిలిపోయింది. చొక్కా వేసుకున్నవాళ్లు చొక్కా చూసుకోవచ్చు. ప్యాంటు ఎలా ఉందో మాత్రం బావ మాట నమ్మి వెళ్లాలి. బల్ల కింద గుడ్డముక్కల మూటలుంటాయి, వాటి మధ్య వాలీబాళ్లు ఉంటాయి. నెట్ రెండో మిషను మీద ఆరేసి ఉంటుంది, ఎప్పుడూ ఎక్కడో ఒకచోట చిరిగే ఉంటుంది కాబట్టి. స్తంభాలు అటక మీద. మా క్లబ్బుకి ఆఫీసంటూ వేరే లేదు. మా అక్క ఇల్లు ఊడవాలంటే ముందు క్లబ్బుని పక్కకి జరపాలి.

నేను గోడౌనులో మూటలు మోస్తాను. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. అయినా గ్రౌండుకి వెళ్లేవాణ్ణి. వెళ్లకపోతే బావ ఇంటికొచ్చి పిలుస్తాడు, పిలిచాడంటే వీధంతా వింటుంది.

క్లబ్బు ఎలా నడిచేదో చెప్తాను. బావ సున్నంతో గీతలు గీసేవాడు. బావ నెట్ కట్టేవాడు. వచ్చినవాళ్లకి "నువ్వు ఈ పక్క, నువ్వు ఆ పక్క" అని వేలు చూపించేవాడు. గొడవొస్తే "మళ్లీ ఆడండి" అనేవాడు. బంతి లోపల పడిందా బయట పడిందా అని ఎంత అరుచుకున్నా తీర్పు అదే. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు ఇంటి మధ్యగోడ గురించి కొట్టుకుని, పెద్దమనిషి కదా అని ఆయన దగ్గరికొచ్చారు. మిషను తొక్కుతూ, తల ఎత్తకుండా, వాళ్లకీ "మళ్లీ ఆడండి" అనే చెప్పాడు. వాళ్లు కాసేపు నిలబడి వెళ్లిపోయారు. గోడ సంగతి ఏమైందో మాకు తెలియదు.

ఆటలో బావ లిఫ్టరు. అంటే నెట్ దగ్గర నిలబడి, వెనక నుంచి వచ్చిన బంతిని వేళ్ల మీద తీసుకుని, కొట్టేవాడికి అందేలా పైకి లేపి ఇచ్చేవాడన్నమాట. కొట్టినవాడికి చప్పట్లు వస్తాయి. లేపినవాడికి వేళ్ల నొప్పులు వస్తాయి. బావ చేతుల్లోంచి బంతి లేస్తే చప్పుడు వచ్చేది కాదు. ఇస్త్రీ చేసిన చొక్కా మడత పెట్టి చేతికిచ్చినట్టు ఇచ్చేవాడు. ఆయన ఇచ్చిన బంతిని కొట్టలేకపోయినవాడు ఆ సాయంత్రం ఇంకెవరి మొహమూ చూసేవాడు కాదు.

ఇదంతా మోకాలు బాగున్నప్పటి మాట. కొన్నేళ్లుగా బావ కుడి మోకాలు ఉబ్బుతోంది. బంతి కిందికి చేరేసరికి ఆలస్యమవుతుంది. బంతి కాస్త కిందగా లేస్తుంది, నెట్‌కి తగులుతుంది. అప్పుడు మేము "బంతి సరిగ్గా రాలేదు" అనుకుంటాం. ఎవరి దగ్గర్నుంచి రాలేదో ఎవరం అనం. బంతే తనంతట తాను తప్పు చేసినట్టు దానివైపు చూస్తాం.

మా అక్క మాత్రం ఊరుకోదు. వేడినీళ్ల గుడ్డ మోకాలి మీద వేస్తూ అడుగుతుంది.

"ఇంకెన్నాళ్లండీ ఈ గెంతులు?"

"ఈసారి పోటీల్లో ఆడి ఆపేస్తానే."

"పోయినసారీ ఇదే అన్నారు."

"పోయినసారి ఈసారి అనలేదు. ఆసారి అన్నాను."

మా అక్క గుడ్డ పిండుతుంది. గట్టిగా పిండుతుంది.

ఇలా ఉండగా మా క్లబ్బు పరువు పోయింది. పక్క పేటలో పోటీలు పెట్టారు. మా తరఫున జట్టు పేర్లు ఇచ్చి రమ్మని బావ ఎవరికో చెప్పాడు. ఎవరికి చెప్పాడో మర్చిపోయి ఇంకొకళ్లకీ చెప్పాడు. మొదటివాడు బస్సు డ్రైవరు. గొంతు పెద్దది కాబట్టి వాణ్ణి అందరూ హారన్ అంటారు. రెండోది ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ, మా ఆడపిల్లల జట్టుకి కెప్టెను. హారన్ ఒక జట్టు రాసిచ్చాడు. అందులో వాడి బావమరిదిని పెట్టాడు. ఆ బావమరిది అంతకుముందు బంతిని దుకాణంలో తప్ప చూడలేదు. నర్సమ్మ మగవాళ్లది ఇంకో జట్టు రాసిచ్చింది. రెండిటికీ క్లబ్బు పేరు ఒకటే. పోటీలు పెట్టినవాళ్లు పేర్లు సరిగ్గా చూడలేదు. చీటీలు తీస్తే మా క్లబ్బుకి మా క్లబ్బే పడింది.

రెండు జట్లూ కోర్టులోకి దిగాయి. రిఫరీ వచ్చి "ఇందులో అసలు క్లబ్బు ఏది?" అని అడిగాడు. బావ ఆలోచించి "రెండూ అసలే" అన్నాడు. సరేనని ఆడించారు. మా క్లబ్బు గెలిచింది. మా క్లబ్బు ఓడిపోయింది కూడా. ఓడినవాళ్లు పోటీలు చెల్లవని ఫిర్యాదు రాసిచ్చారు. గెలిచినవాళ్లు చెల్లుతాయని రాసిచ్చారు. రెండింటి కింద పేరు ఒకటే ఉండేసరికి చదివినవాళ్లకి మతిపోయింది.

ఆ కాగితాలు తిరిగి తిరిగి మా గ్రౌండు ఎవరిదో ఆ ఆఫీసుకి చేరాయి. అక్కడి ఆఫీసరు బావని పిలిపించాడు. క్లబ్బుకి బాధ్యత ఎవరిదో, ఎవరు ఏం చేయాలో, గొడవొస్తే ఎవరు తేలుస్తారో రూల్సు రాసివ్వమన్నాడు. నెలాఖరులోగా ఇవ్వకపోతే ఆ స్థలం బళ్లు నిలుపుకోవడానికి ఇచ్చేస్తామన్నాడు.

బావ ఇంటికొచ్చి నాతో అన్నాడు. "ఆటకి రూల్సున్నాయి కదరా. మళ్లీ మనకెందుకు?"

"మనం రెండు జట్లుగా వెళ్లాం కదా బావా."

"రెండూ బాగానే ఆడాయిగా."

అదే వారంలో కొట్లో మీటింగు పెట్టాం. రిటైరైన హెడ్‌క్లర్కుగారు వచ్చారు. ఆయన ఆడరు. రోజూ వచ్చి లెక్క చెప్తారు, పాయింట్ల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. ఒక ముసాయిదా రాసుకొచ్చి నిలబడి చదివారు. "సదరు సంఘము యొక్క కార్యనిర్వాహక వర్గము..." అని మొదలుపెట్టి చాలాసేపు చదివారు.

హారన్ చెయ్యెత్తాడు. "సార్, ఇది మన గురించేనా?"

"మన గురించే."

"మరి భయమేస్తుందేంటి?"

నర్సమ్మ నవ్వు ఆపుకుని బావవైపు తిరిగింది. "అన్నా, రూల్సు కావాలి. నీకు జ్వరమొస్తే నెట్ ఎవరు కట్టాలో కూడా మాకు తెలీదు."

"నాకు జ్వరం రాదు."

"నిరుడు వచ్చింది. సూది నేనే పొడిచా."

"అది జ్వరం కాదమ్మా. ఒళ్లు వెచ్చబడింది."

చివరికి బావే దారి చూపించాడు. కాలరు కత్తిరిస్తూ అన్నాడు. "సారూ, మీరు రాసింది తప్పని కాదు. మాకు తెలిసిన రూల్సు ఆట రూల్సే. వాటినే ఇక్కడ పెట్టండి. అప్పుడు ఎవడూ తెలీదనడు."

హెడ్‌క్లర్కుగారు ముసాయిదా మడిచి జేబులో పెట్టుకున్నారు. మొహంలో ఏ మార్పూ లేదు. ఉద్యోగంలో ఇలాంటివి చాలా మడిచి ఉంటారు.

అలా మొదలైంది. ఆటలో ఆరుగురు కాబట్టి కమిటీకి ఆరుగురు అన్నాం. బావ, హెడ్‌క్లర్కుగారు, నర్సమ్మ, హారన్, ఎలక్ట్రీషియన్ ఒకడు, నేను. నన్నెందుకు పెట్టారంటే అప్పటికి గదిలో ఆరోవాణ్ణి నేనే. ఆటలో ఒక్కడే వరసగా రెండుసార్లు బంతి ముట్టుకోకూడదు కాబట్టి ఏ పదవిలోనూ ఒక్కరే వరసగా రెండేళ్లు ఉండకూడదు అన్నాం. హెడ్‌క్లర్కుగారు ఆశ్చర్యపోయి "పెద్ద పెద్ద సంస్థల్లో కూడా ఇదే ఉంటుంది" అన్నారు. బావ మొదటి ఏడాదికి ప్రెసిడెంటు. తర్వాత కాదు. ఆయన కత్తెర ఒక్క క్షణం ఆగి, మళ్లీ నడిచింది.

ఆటలో రిఫరీతో కెప్టెన్ తప్ప ఇంకెవరూ మాట్లాడకూడదు. అందరూ మీద పడి అరిస్తే ఆట నడవదు. అందుకని కమిటీ నిర్ణయం నచ్చనివాళ్లు ప్రెసిడెంటుకి అప్పీలు చేసుకోవాలి, ప్రెసిడెంటు చెప్పిందే ఖాయం అని రాశాం. ఇది అందరికీ బాగా నచ్చింది. ఒక్కసారికే ఒప్పేసుకున్నాం.

ఒక్క విషయానికి మాత్రం ఆటలో రూలు దొరకలేదు. హారన్ బావమరిది సంగతి.

"నీ మనిషని పెట్టావు. వాడికి సర్వీసు చేయడం రాదు" అంది నర్సమ్మ.

"నేర్చుకుంటాడమ్మా, మెల్లగా."

"మెల్లగా నేర్చుకోవచ్చు. పోటీల్లోనా నేర్చుకునేది?"

బావ సుద్దముక్కతో గుడ్డ మీద గీత గీస్తూ అన్నాడు. "దీనికేముంది. తన మనిషి విషయం మాట్లాడుతున్నప్పుడు తను గదిలో ఉండకూడదు. గడప అవతల కూర్చోవాలి. రాయండి."

హారన్‌కి కోపం వచ్చింది. "తన మనిషి విషయమేనా? తన విషయం వచ్చినా కూర్చోవాలి."

"తన విషయం వచ్చినా. అదీ రాయండి" అన్నాడు బావ. తల ఎత్తలేదు. గీత తిన్నగా వచ్చిందో లేదో చూసుకుంటున్నాడు.

ఆఫీసరు కాగితం మొత్తం చదివాడు. వెనక్కి తిప్పి, అక్కడేమీ లేదని చూసుకుని, ముద్ర వేశాడు. గ్రౌండు మాకే ఉంచారు.

కొన్నాళ్లకి మా గ్రౌండులోనే పోటీలు పెట్టాలనుకున్నాం. క్లబ్బు పుట్టాక మా దగ్గర జరిగే మొదటి పోటీలు. బావకి నిద్ర లేదు. గీతలకి కొత్త సున్నం తెచ్చాడు, నెట్‌కి అంచు కొత్తగా కుట్టాడు. ఒకరోజు నేను వంటగదిలో నీళ్లు తాగుతుంటే పక్కగదిలో అక్కతో అంటున్నాడు.

"మన గ్రౌండులో, మనవాళ్ల ముందు ఒక్కసారి లేపాలే బంతి. తర్వాత నువ్వు చెప్పినట్టే."

"జట్టులో తీసుకోకపోతే?"

"తీసుకోకపోతే నేనక్కడ ఎవర్నే?" అన్నాడు.

నేను గ్లాసు చప్పుడు కాకుండా పెట్టి వచ్చేశాను.

జట్టుని ఎంచుకోవడానికి మీటింగు పెట్టాం. మామూలుగానే కొట్లో. హెడ్‌క్లర్కుగారు పేర్లు ఒక్కొక్కటి చదువుతున్నారు. లిఫ్టరు దగ్గరికొచ్చి ఆగారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"లిఫ్టరుకి ఇద్దరున్నారు. మాస్టారు ఒకరు, ఎలక్ట్రీషియన్ ఒకరు. రూలు ప్రకారం..."

ఆయన మిగతాది చెప్పలేదు. అందరం రూలు రాసినవాళ్లమే. బావ నోట్లో ఉన్న గుండుసూది తీసి దిండుకి గుచ్చి, మెడలో టేపు అలాగే ఉంచుకుని లేచాడు. వెనకే ఎలక్ట్రీషియన్ లేచాడు. నేను కదల్లేదు.

"నువ్వూ పద" అన్నాడు బావ.

"నేనెందుకు?"

"నా మనిషివి కదరా."

ముగ్గురం వెళ్లి మెట్టు మీద కూర్చున్నాం. బావ కుడి కాలు గడప వైపు చాపుకుని ఒరగా కూర్చున్నాడు. బావ సొంత కొట్టు నుంచి బావని బయటికి పంపిన సంగతి వీధిలో అప్పుడే ఎవరో చూసి ఇంకెవరికో చెప్పడం కనిపిస్తోంది.

లోపల్నుంచి హారన్ కేక పెట్టాడు. "మాస్టరూ, మీ మడమ గడప మీదుంది! లైను మీద పడితే లోపలే కదా!"

నిజమే. ఆటలో బంతి లైను మీద పడితే లోపలే లెక్క. బావ కాలు తీసుకోవాలని చూశాడు. మోకాలు మడత పడలేదు. చివరికి మనిషే మొత్తం జరిగి ఇంకో మెట్టు కిందికి దిగాడు. నేనూ ఎలక్ట్రీషియనూ కూడా దిగాం, ఎందుకైనా మంచిదని.

ఒకాయన ప్యాంటు కోసం వచ్చాడు. "అయిందా మాస్టారూ?"

"అయింది. లోపలుంది."

"తెచ్చివ్వండి మరి."

"ఇప్పుడు లోపలికి వెళ్లకూడదు. నా మీద మీటింగు జరుగుతోంది."

ఆయన బావని చూశాడు, తలుపుని చూశాడు, మమ్మల్ని చూశాడు. "మంచిదండీ, రేపొస్తా" అని వెళ్లిపోయాడు. కొంచెం వేగంగానే వెళ్లాడు.

ఎలక్ట్రీషియన్‌కి ముప్పై దాటి ఉంటాయి. బంతి లేపడం వాడికి నేర్పింది బావే. నేలవైపు చూస్తూ అన్నాడు. "మాస్టారూ, నేను వద్దని చెప్పేస్తాను."

"వద్దనడానికి నీకు హక్కు లేదు."

"ఎందుకు లేదు?"

"నువ్వు బయటున్నావు."

లోపల ముగ్గురు మాట్లాడుకుంటున్నారు. హెడ్‌క్లర్కుగారు, నర్సమ్మ మెల్లగా మాట్లాడతారు. హారన్‌కి మెల్లగా మాట్లాడటం రాదు. అందువల్ల మాకు సగం మాటలే వినపడుతున్నాయి.

"అదేంటమ్మా, అలా అంటే ఎలా!"

కాసేపు ఏమీ లేదు.

"మోకాలా? నాకూ తెలుసు మోకాలు సంగతి!"

మళ్లీ ఏమీ లేదు.

"అవుననుకో. పోయిన ఆదివారం లేపినవి మూడూ నెట్‌కే తగిలాయి. నేను కాదన్నానా?"

బావ టేపు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు. "మనం వినకూడదు ఇది. పదండి, దూరం జరుగుదాం" అన్నాడు. రోడ్డు దాటి అవతలి కరెంటు స్తంభం దగ్గర నిలబడ్డాం. అక్కడికీ వినపడింది.

"మాస్టరికి చెప్పేదెవరు? నేను చెప్పను! నావల్ల కాదు!"

"ఇంకా దూరం పోదామా?" అన్నాను.

"బస్సెక్కినా వినపడుతుంది వాడిది" అన్నాడు బావ.

మా అక్క పక్క సందులోంచి టీ పట్టుకుని వచ్చింది. మెట్టు మీద లేకపోయేసరికి వెతుక్కుని స్తంభం దగ్గరికొచ్చింది.

"ఏంటిలా రోడ్డున పడ్డారు? ఎవరు గెంటేశారు?"

"ఎవరూ గెంటలేదు. రూలు."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

మా అక్క గ్లాసులు అందించింది. కానీ లోపలికి వెళ్లిపోకుండా అక్కడే నిలబడింది. రూల్సులో ఆమె సంగతి రాయలేదు కాబట్టి ఎక్కడ నిలబడినా చెల్లుతుంది.

హెడ్‌క్లర్కుగారు గడప దగ్గరికొచ్చి చెయ్యూపారు. వెళ్లాం. ఆయన కాగితం చూసి చదివారు గానీ, చదవాల్సినంత అందులో ఏమీ లేదు. లిఫ్టరు ఎలక్ట్రీషియన్. రిజర్వులోనూ మాస్టారి పేరు లేదు. హారన్ ఇస్త్రీ పెట్టె వైపు చూస్తున్నాడు. నర్సమ్మ మాత్రం సూటిగా బావనే చూసింది.

"అన్నా, నేనే గట్టిగా పట్టుబట్టాను. ఆ మోకాలితో ఒక్కసారి కింద పడితే తర్వాత నిన్ను మోసుకెళ్లాల్సింది మా ఆస్పత్రికే."

"ఎన్ని ఓట్లు?" అన్నాడు బావ.

"అది చెప్పకూడదని మీరే రాయించారు" అన్నారు హెడ్‌క్లర్కుగారు.

"బాగా రాయించాను" అన్నాడు బావ.

అందరం నిలబడ్డాం. ఎవరు ముందు కూర్చోవాలో తెలియలేదు. హెడ్‌క్లర్కుగారు దగ్గి, "నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకునే హక్కు మీకుంది మాస్టారూ" అన్నారు. ఆయనకి ఇలాంటివి చెప్పకపోతే తృప్తి ఉండదు.

"ఎవరికి?"

"ప్రెసిడెంటుకి."

ప్రెసిడెంటు మెడలో టేపు వేసుకుని మా మధ్యనే నిలబడి ఉన్నాడు.

ముందు వెలిగింది హారన్‌కే. "అయిపోయింది కదా! మాస్టరూ, మీకు మీరే అప్పీలు పెట్టుకోండి, మీరే ఒప్పేసుకోండి. ప్రెసిడెంటు చెప్పిందే ఖాయమని రాసుకున్నాం!"

హెడ్‌క్లర్కుగారు కాగితం తీసి చూశారు. అలాగే ఉంది. నర్సమ్మ కూడా చూసింది. "రూల్లో ఉంటే నేనేమీ అనను" అంది. ఎలక్ట్రీషియన్ "నాకసలు ఇబ్బందే లేదు" అన్నాడు, వాడి మొహంలో బరువు దిగినట్టయింది. నేనూ మనసులో హమ్మయ్య అనుకున్నాను. ఒక్క మాట చాలు. రేపటి నుంచి మళ్లీ బంతినే తప్పు పడతాం. మా అక్క తలుపు దగ్గర గ్లాసులు పట్టుకుని బావ మొహమే చూస్తోంది.

బావ కాగితం తీసుకుని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. చదివినంతసేపు పెదాలు కదిలాయి. కాగితం బల్ల మీద పెట్టి చేత్తో సాపు చేశాడు.

"అప్పీలు పెట్టాను" అన్నాడు.

"రాసివ్వాలి" అన్నారు హెడ్‌క్లర్కుగారు.

"నోటితో పెట్టాను. మీరు రాసుకోండి."

హెడ్‌క్లర్కుగారు రాశారు.

"విన్నాను" అన్నాడు బావ.

ఆయన అదీ రాశారు.

"కొట్టేశాను."

హెడ్‌క్లర్కుగారి కలం ఆగింది. హారన్ నోరు తెరిచాడు గానీ, మాకు తెలిసినంతలో మొదటిసారి అందులోంచి ఏమీ రాలేదు.

"ఎందుకన్నా?" అంది నర్సమ్మ.

"పోయిన ఆదివారం మూడూ నెట్‌కే తగిలాయి" అన్నాడు బావ. "స్తంభం దాకా వినపడింది."

హెడ్‌క్లర్కుగారు రాయలేదు. రాయలేక బాధపడుతున్నారు. "మాస్టారూ, ఇది చెల్లదు. మీ విషయం నడుస్తున్నప్పుడు మీరు గదిలో ఉండకూడదు."

బావ సరేనని వెళ్లి గడప దాటి మెట్టు మీద కూర్చున్నాడు. మడమ చూసుకున్నాడు. ఇంకాస్త కిందికి జరిగాడు. అక్కడి నుంచి "ఇప్పుడు కొట్టేశాను" అన్నాడు.

"బయట ఉన్నవాళ్లు నిర్ణయం చెప్పకూడదు మాస్టారూ."

"మరి దీన్ని ఎవరు కొట్టేయాలి?"

హెడ్‌క్లర్కుగారు కాగితం ముందుకీ వెనక్కీ తిప్పారు. ఆఫీసరు చూసినప్పుడు వెనక ఏమీ లేదు, ఇప్పుడూ లేదు. ప్రెసిడెంటు తప్ప ఇంకెవరూ అప్పీలు వినడానికి లేదు. ప్రెసిడెంటు లోపలుంటే వినకూడదు, బయటుంటే చెప్పకూడదు. ఆరుగురం కలిసి బుర్ర పెట్టి రాసిన రూలు ఇది.

"తేలేదాకా ఏం చేయాలి?" అన్నాను.

"తేలేదాకా పాత నిర్ణయమే" అన్నారు హెడ్‌క్లర్కుగారు. "ఎలక్ట్రీషియనే లిఫ్టరు. అప్పీలు మాత్రం పెండింగులో ఉంటుంది."

బావ మెట్టు మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఆలోచించాడు. మా అక్క వెళ్లి పక్కన కూర్చుంది. కాసేపటికి బావ వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"అయితే ఉండనీండి పెండింగులో."

పోటీలు బాగా జరిగాయి. నెట్ బావే కట్టాడు, గీతలు బావే గీశాడు. తర్వాత గీత అవతల కుర్చీ వేసుకుని కాలు చాపుకుని కూర్చున్నాడు. ఎలక్ట్రీషియన్ బాగానే లేపాడు. మేము రెండో మ్యాచిలో ఓడిపోయాం. అది లిఫ్టరు తప్పు కాదు, సర్వీసులు పోయాయి. బయటి ఊరి జట్టులో ఒకాయన బావని గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

"ఏం మాస్టారూ, ఆడటం లేదా? మానేశారా?"

"మానలేదు" అన్నాడు బావ. "నా అప్పీలు పెండింగులో ఉంది."

ఆయన చాలా గౌరవంగా తలూపాడు. ఏమర్థమైందో తెలియదు.

ఏడాది తిరిగింది. రూలు ప్రకారం బావ దిగిపోయాడు, నర్సమ్మ ప్రెసిడెంటు అయింది. ఆమెకీ బావకీ బంధుత్వం లేదు. గడప లోపలే కూర్చుని అప్పీలు వినొచ్చు, తేల్చొచ్చు, ఏ అడ్డూ లేదు. మొదటి మీటింగు అయ్యాక అందరూ వెళ్లిపోతుంటే ఆమె ఆగి, మెల్లగా అడిగింది.

"అన్నా, నీ అప్పీలు ఒకటుంది. విననా?"

బావ మిషనులో దారం ఎక్కిస్తున్నాడు. దారం కొస తడిచేసి, వెలుగుకి పెట్టి చూసి, సూది బెజ్జంలోంచి లాగాడు.

"తొందరేముందమ్మా" అన్నాడు. "ఉండనీ."